5 రూపాయల వాషరు, 480 రూపాయల ఆటో

దర్శనం బాగానే జరిగింది. క్యూలో గడిచిన గంటల గురించీ లడ్డూల గురించీ చాలామంది రాశారు కాబట్టి వదిలేస్తున్నాను. ఈసారి తిరుపతి నాకు గుర్తుండిపోయింది ఒక కొళాయి వల్ల.

బస తిరుచానూరులో పెద్దమ్మ ఇంట్లో. కొండ దిగి వచ్చిన రాత్రి కాళ్ళు పీకుతున్నాయి, కళ్ళు మూతలు పడుతున్నాయి. స్నానాల గదిలోంచి మాత్రం టప్ టప్ మని ఒకటే చప్పుడు. లేచి వెళ్ళి శక్తికొద్దీ బిగించాను. నిమిషం ఆగి మళ్ళీ మొదలైంది. కింద బకెట్టు పెట్టి పడుకున్నాను. తెల్లవారి చూస్తే 20 లీటర్ల బకెట్టులో మూడో వంతు నీళ్ళు!

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?" అన్నాను.

"కొండ మీద ఒక పాపవినాశనం, మా ఇంట్లో ఒకటి నాయనా. తలుపు వేసుకుంటే వినపడదు" అంది పెద్దమ్మ, కాఫీ చల్లారుస్తూ.

మా నాన్న ఉంటే ఆ మాట సహించేవాడు కాదు. వరంగల్‌లో మా ఇంట్లో నల్లా కారితే, పాత సైకిలు ట్యూబు ముక్క మీద పావలా బిళ్ళ పెట్టి గీసి, కత్తెరతో గుండ్రంగా కోసి, పలచన కాబట్టి రెండు పొరలు వేసి, లోపల నీళ్ళు ఆపే వాషరుగా బిగించేవాడు. అది నాలుగైదు నెలలు నడిచేది. పెద్దమ్మ ఇంట్లో సైకిలు లేదు, పావలాలు ఇప్పుడు ఎక్కడా లేవు. ఆటో ఎక్కి గాంధీ రోడ్డుకు వెళ్ళాను. 120 రూపాయలు.

మొదటి శానిటరీ షాపులో "నల్లా వాషర్ కావాలి" అన్నాను. కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి, "మా దగ్గర అన్నీ మంచివే సార్" అన్నాడు. నేను తమిళంలో 'మంచి వాషరు' అడిగానని అనుకున్నాడట! కొళాయికి అని చెప్పాక ముఖం మారింది. విడి వాషర్లు పెట్టడం మానేశారట. కొళాయే మార్చేయమని 380 రూపాయల పెట్టె ముందుకు తోశాడు. రెండో షాపులో అదే మాట. మూడో షాపులో టెఫ్లాన్ టేపు అంటగట్టబోయారు. టేపు పైపు మర మీద చుట్టేది, వాషరు పని దానితో జరగదని చెబితే షాపాయనకు కోపం వచ్చింది. ఇత్తడి దీపాలూ రాగి చెంబులూ ఎన్ని కావాలంటే అన్ని దొరికే వీధుల్లో పావలా అంత రబ్బరు బిళ్ళ లేదు.

గోవిందరాజస్వామి గుడి వైపు సందులో, మనిషి అడ్డంగా పడుకుంటే నిండిపోయేంత దుకాణం. గోడంతా రేకు డబ్బాలు. లోపల ముసలాయన.

"మూతిలోంచి కారుతోందా, పిడి దగ్గరా?"

"మూతిలోంచే."

"అయితే వాషరే. పిడి దగ్గరైతే ప్యాకింగ్ మార్చాలి. పాతది తెచ్చారా సామీ?"

తేలేదు. అరంగుళం కొళాయి అన్నాను. అరంగుళం అనేది పైపు కొలత అనీ, వాషరు ఒక్కో తయారీకి ఒక్కో రకం అనీ చెప్పి, డబ్బా మూత కూడా తీయకుండా పంపేశాడు. ఒళ్ళు మండింది. మళ్ళీ 120.

పక్కింటివాళ్ళ పాన అడిగి తెచ్చాను. మేడ ఎక్కి ట్యాంకు వాల్వు కట్టడానికి చాలా సేపు పట్టింది, తుప్పు. శేషాచలం కొండలు ఎదురుగా ఎంత బాగున్నాయో ఆ కాసేపే తీరిగ్గా చూశాను. కొళాయి విప్పితే లోపల తోలు వాషరు, ఎండిన వక్కలా గట్టిగా, మధ్యలో గుండ్రంగా గాడి పడి ఉంది. దాన్ని కాగితంలో చుట్టుకుని మళ్ళీ బయలుదేరాను. ఇంకో 120.

ముసలాయన దాన్ని గోరుతో గీకాడు. "బిగించి బిగించి చంపేశారు దీన్ని" అన్నాడు. ముందు రాత్రి నేను చేసిన పని గుర్తొచ్చి మాట్లాడలేదు. నాలుగో డబ్బాలోంచి ఒక రబ్బరు బిళ్ళ తీసి, పాతదాని మీద పెట్టి వెలుతురుకు పట్టి చూశాడు. "లోపల సీటును, అదే వాషరు ఆనే చోటును, వేలితో తడమండి. గరుకుగా ఉంటే ఇది కూడా నెల తిరగకుండా తెగుతుంది. నీళ్ళు ఆగిన చోట ఆపేయండి, ఆపైన తిప్పొద్దు." 5 రూపాయలు. ఇంటికోసం ఇంకో నాలుగు కొన్నాను. తిరుగు ఆటోకు బేరం ఆడే ఓపిక లేక అదే 120 ఇచ్చాను.

సీటు నున్నగానే ఉంది. వాషరు వేసి, కొళాయిని రెండు వేళ్ళతో కట్టేశాను. చుక్క పడలేదు. రాత్రి పెద్దమ్మ రెండుసార్లు లేచి స్నానాల గదిలోకి తొంగి చూసింది. చప్పుడు లేకపోతే నిద్ర పట్టడం లేదట.

వరంగల్ వచ్చాక ఉత్సాహంగా మా వంటింటి నల్లా విప్పాను. లోపల వాషరు లేదు. పావు చుట్టు తిప్పితే ఆగిపోయే సిరామిక్ బిళ్ళల రకమట, కారితే ఆ భాగం మొత్తం మార్చాల్సిందే. నాలుగు వాషర్లూ ఇంకా లడ్డూ సంచిలోనే ఉన్నాయి.