అక్టోబర్ గండం, పియానో మీద దయ్యాలు

సెప్టెంబర్‌లో ఉన్న హుషారు అక్టోబర్ సగానికొచ్చేసరికి పిల్లల్లో మచ్చుకైనా కనపడదు. స్కూల్లో హోంవర్కు పెరుగుతుంది, సాయంత్రాలు సాకర్ ఉంటుంది, మన తెలుగువాళ్ల ఇళ్లలో అయితే వీటికి తోడు నవరాత్రులు, బొమ్మల కొలువు పేరంటాలు. "ప్రాక్టీస్ చేశావా నాన్నా?" అని అడిగితే గోడవంక చూస్తారు. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఇంట్లోనే పిల్లలకి పియానో నేర్పుతుంటాను. ఈ అక్టోబర్ గండం గట్టెక్కడానికి హాలోవీన్‌ని గట్టిగా పట్టుకున్నది 2024లో. ఆ ఏడాది దీపావళి కూడా సరిగ్గా అక్టోబర్ 31నే వచ్చింది. గురువారం. ఒకే సాయంత్రం లక్ష్మీపూజ, వీధిలో ట్రిక్ ఆర్ ట్రీట్ (వేషాలేసుకుని ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడగడం), మధ్యలో నా పాఠం! దేన్ని వదులుకుంటారో వేరే చెప్పాలా?

అందుకని గురువారం పిల్లల్ని కూడా ముందు శనివారానికే మార్చి, అందరికీ కలిపి ఒక గ్రూప్ క్లాసు పెడతానని తల్లిదండ్రులకి సెప్టెంబర్‌లోనే చెప్పేశాను. వేషాలు వేసుకుని రావచ్చు, తలా ఒక "భయపెట్టే పాట" వాయించాలి. అక్కణ్ణుంచి అసలు పని మొదలైంది.

హాలోవీన్ పాటల పుస్తకాలు అంగళ్లలో బోలెడు. నాకు మాత్రం వాటిలో సగం నచ్చవు. అట్టమీద మంత్రగత్తె, పేజీకో గబ్బిలం; తీరా వాయిస్తే ఏ కాలంలోనైనా పాడుకోదగ్గ మామూలు సి మేజర్ పాట, అంటే హుషారుగా పలికే స్వరవరస. బొమ్మ భయపెడుతుంది కానీ పాట భయపెట్టదు. మరీ చిన్నవాళ్లకి రెండు మూడు పాటలు వాటిలోంచే ఏరుకుని, మిగతావాళ్లకి పాత యూరప్ సంగీతాన్నే తేలిక చేసి రాసిచ్చాను. అవి నూరేళ్లు దాటిన పాటలు కాబట్టి కాపీరైట్ తంటా కూడా లేదు.

అందులో పెద్దపీట నార్వే స్వరకర్త గ్రీగ్ రాసిన "ఇన్ ద హాల్ ఆఫ్ ద మౌంటెన్ కింగ్"కి. ఇబ్సెన్ నాటకం "పేర్ గింట్" కోసం రాసింది. 1876లో క్రిస్టియానియాలో, అంటే ఇప్పటి ఓస్లోలో, మొదటిసారి ఆడారు. కథానాయకుడు కొండ లోపల ట్రోల్స్ (నార్వే జానపద కథల్లోని రాక్షసులు) రాజుగారి కొలువులో చిక్కుకుంటాడు. ఉన్నది ఒకటే వరస. అదే మళ్లీ మళ్లీ వస్తూ, మొదట పిల్లిలా మెల్లగా, పోనుపోను వేగంగా, బిగ్గరగా, చివరికి ఇల్లు ఎగిరిపోయేలా తయారవుతుంది. అసలుది బి మైనర్, అంటే కాస్త గుబులుగా పలికే స్వరవరస. నేను ఏ మైనర్‌లోకి దించాను, ఎందుకంటే అక్కడ మొదటి ఏడు స్వరాలూ ఐదు వేళ్ల కిందే పడతాయి: ఏ, బి, సి, డి, ఈ, సి, ఈ. అన్నీ తెల్ల కీలే. చెయ్యి కదిలించక్కర్లేదు. ఆ తర్వాతే డి షార్ప్ (డికి పైనున్న నల్ల కీ), బి, డి షార్ప్. దాని వెంటనే డి, బి ఫ్లాట్ (బికి కిందున్న నల్ల కీ), డి. చెయ్యి ఉన్నచోటే ఉంటుంది, రెండు వేళ్లు మాత్రం సగం మెట్టు, అంటే ఆనుకుని ఉన్న కీకి, కిందికి జారతాయి. ఆ జారుడే ఈ పాట గుట్టంతా.

ఎనిమిదేళ్ల పాప ఒకత్తి ఉంది, ఏ పాటైనా మొదటి స్వరం నుంచే గుద్దుతుంది. కాగితం మీద మెల్లగా వాయించమనే గుర్తు ఎర్ర సిరాతో చుట్టి ఇచ్చినా లాభం లేకపోయింది. ఈ పాటకీ అంతే. "దొంగ గోడ దూకేటప్పుడు ఢాంఢాంమని చప్పుడు చేస్తూ వస్తాడా?" అన్నాను. ఒక్క క్షణం ఆలోచించి, వెన్ను వంచి, ముక్కు కీబోర్డుకి ఆనించినంత పని చేసి, ఎడమచేత్తో కింది స్వరాల్లో వినీ వినపడనట్టు వాయించింది. నెలల తరబడి నేను మొత్తుకున్న స్టకాటో (స్వరాల్ని పొట్టిగా, తెంపి తెంపి వాయించడం) ఆ పూట దానంతటదే వచ్చింది. భయపెట్టాలంటే ముందు నెమ్మదిగా ఉండాలని దానికి అర్థమైపోయింది. ఇక చివర్లో గుద్దుకోవడానికి ఎలాగూ అనుమతి ఉంది కదా, అందాకా ఓపిక పట్టడం నేర్చుకుంది.

మిగతా పిల్లల దగ్గరా ఇదే పనిచేసింది. పిల్లలకి భయపడటం కన్నా భయపెట్టడం మహా ఇష్టం. "ఇక్కడ క్రెషెండో ఉంది చూడు, చప్పుడు మెల్లగా పెంచాలి" అంటే ఆవులిస్తారు. "మెట్లెక్కి వస్తోంది, ఇంకా దగ్గరకొచ్చింది, తలుపు దగ్గరుంది" అంటే వాళ్లే పెంచుకుంటూ పోతారు.

వాయించడం ఒక్కటే అయితే గంటన్నర గ్రూప్ క్లాసులో కూర్చోలేరు. అందుకని మధ్యమధ్యలో ఆటలు. లయకి మాటలు పెట్టాం: "బ్యాట్" అంటే ఒక అక్షరం, "పంప్‌కిన్" అంటే ఒకే బీట్‌లో రెండు, "స్కెలిటన్" అంటే మూడు, "జాక్ ఓ లాంటర్న్" అంటే నాలుగు. కర్ణాటక సంగీతం కూడా నేర్చుకుంటున్న పిల్లవాడు వెంటనే, "ఆంటీ, స్కెలిటన్ అంటే తకిట, జాక్ ఓ లాంటర్న్ అంటే తకధిమి" అన్నాడు. వాడి పుణ్యమా అని ఆ రోజు చప్పట్ల ఆటంతా సగం కొన్నక్కోల్‌గా, అంటే మృదంగం జతుల్ని నోటితో పలకడంగా, మారిపోయింది. ఇంకో ఆట స్వరాల పేర్లతో మాటలు కట్టడం. ఏ నుంచి జి దాకా ఏడే అక్షరాలు. డి, ఈ, ఏ, డి వాయిస్తే "డెడ్". బి, ఏ, డి వాయిస్తే "బ్యాడ్". చీటీలు ప్లాస్టిక్ గుమ్మడికాయలో వేసి తీయించాను.

అందరూ ఎగబడింది మాత్రం పెడల్ ఆటకి. పియానో ముందు పలక తీసేసి, కుడి పెడల్ ఒకరు తొక్కిపట్టుకోవాలి. అప్పుడు తీగల్ని ఆపే డాంపర్లన్నీ పైకి లేస్తాయి. ఇంకొకరు తీగల వైపు మొహం పెట్టి "బూ!" అని గట్టిగా అరిచి ఆగాలి. గొంతులో ఉన్న శ్రుతులకి సరిపడే తీగలు వాటంతటవే మోగి, లోపలెవరో ఉండి వెనక్కి మూలిగినట్టు వినపడుతుంది. తర్వాత పెడల్ వదిలేసి అరిస్తే ఏమీ రాదు. పెడల్ ఏం చేస్తుందో చెప్పడానికి దీన్ని మించిన పాఠం నాకు తెలియదు. హెన్రీ కవెల్ అనే అమెరికన్ స్వరకర్త 1925లో "ద బాన్‌షీ" (ఐర్లండ్ కథల్లో ఏడ్చే ఆడ దయ్యం) అని ఒక పీస్ రాశాడు. ఒకరు పెడల్ పట్టుకు కూర్చుంటే ఇంకొకరు గ్రాండ్ పియానో లోపల చేతులు పెట్టి తీగల్నే రాస్తూ, మీటుతూ వాయించాలి. అది విని పిల్లలంతా నా తీగల మీదకి చేతులు చాచారు. చాక్లెట్ తిన్న చేతులు! వద్దన్నాను. ఇళ్లలో అరవై ఒక్క కీల కీబోర్డు ఉన్నవాళ్లకి ఈ ఆట కుదరదు. వాళ్లకి ఆర్గాన్ మోత పెట్టుకుని వాయించమన్నాను, దానికీ మంచి గిరాకీయే.

వినడానికి ఫ్రెంచి స్వరకర్త సాన్-సాన్స్ 1874లో రాసిన "డాన్స్ మకాబ్ర్" (మృత్యు నృత్యం) పెట్టాను. మొదట్లో హార్ప్ ఒకే స్వరాన్ని పన్నెండుసార్లు మీటుతుంది, అర్ధరాత్రి గంటలు. పిల్లలు వేళ్లమీద లెక్కపెట్టారు. తర్వాత వయొలిన్ వికారంగా పలుకుతుంది, ఎందుకంటే దాని పై తీగని కావాలనే సగం మెట్టు కిందికి దింపుతారు. పియానో మీద ఏ, ఈ ఫ్లాట్ కలిపి నొక్కితే ఆ కంపరం మనకీ దొరుకుతుంది. ఎముకల చప్పుడికి జైలోఫోన్. చివర్లో ఓబో కోడిలా కూస్తుంది, దయ్యాలన్నీ సర్దుకుంటాయి. "మా తాతయ్య కథల్లో కూడా కోడి కూస్తే దయ్యం పారిపోతుంది" అన్నాడొకడు. ఫ్రాన్స్ దయ్యానికీ మన దయ్యానికీ టైము ఒకటే.

తల్లిదండ్రుల్లో అందరికీ ఇది నచ్చలేదు. ఒకావిడ ఫోన్ చేసి, "మేం చర్చికి వెళ్లేవాళ్లమండి, మా అబ్బాయికి ఈ దయ్యాలవీ వద్దు" అన్నారు. సరేనని అదే మైనర్ పొజిషన్‌లో గుడ్లగూబ, చందమామ మీద పాట ఇచ్చాను. వాడు నేర్చుకోవాల్సింది అందులోనూ ఉంది. ఇంకో ఇంట్లో బామ్మగారు, "పండగ ముందు ఇవేం పాటలమ్మా?" అన్నారు. మనవరాలు గ్రీగ్ వాయిస్తుంటే కాసేపు విని, "నరకాసురుడు వస్తున్నట్టుందే" అన్నారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ పాటకి నరకాసురుడి పాటనే పేరు పడిపోయింది, నాకూ ఒక తలనొప్పి తీరింది.

శనివారం రానే వచ్చింది. మాస్కులు, గ్లౌజులు వద్దని ముందే మెసేజ్ పెట్టినా స్పైడర్‌మ్యాన్ గ్లౌజులతోనే దిగాడు. డైనోసార్ తోక బెంచీ మీద ఎలా పెట్టినా అడ్డమే, చివరికి వాళ్ల నాన్న పట్టుకు నిలబడ్డారు. లైట్లు ఆర్పి బ్యాటరీ కొవ్వొత్తులు పెట్టాను, నోట్స్ కనపడటానికి పియానో మీద చిన్న దీపం. ఐదేళ్ల బుడ్డోడు కింది స్వరాల మోతకి బెదిరి అమ్మ ఒళ్లోకి దూరాడు. వాణ్ణి తీసుకొచ్చి ఆ కింది కీల మీద మోచెయ్యి పెట్టి నొక్కించాను. అంతే, ఇక లేవడే! పక్కవాడి వంతు వచ్చేదాకా ఉరుములే ఉరుములు.

క్యాండీలన్నీ వాయించడం అయ్యాకే, చేతులు కడుక్కోవడానికి తడి గుడ్డలూ పెట్టాను. వేరుశనగ పడని పిల్లలు ఇద్దరున్నారు కాబట్టి గుమ్మం దగ్గర టీల్ రంగు గుమ్మడికాయ కూడా ఉంచాను. తినే వస్తువులు కాకుండా పెన్సిళ్లు, స్టిక్కర్లు ఇస్తామని ఇక్కడ దానికి అర్థం. స్వరాల బొమ్మలున్న పెన్సిళ్లకే ఎక్కువ పోటీ వచ్చింది.

దీపావళి అయింది, థాంక్స్‌గివింగ్ దగ్గరపడింది, గ్రీగ్ మాత్రం ఎవరూ వదల్లేదు. "పొద్దున్నా అదే, రాత్రీ అదే. మాన్పించే మార్గం చెప్పండి ఆంటీ" అని ఒక తల్లి మెసేజ్. మాన్పించలేదు. ఆ పాపకి అదే పాటని డి మైనర్‌లో వాయించుకురమ్మని ఇచ్చాను. మొదటి ఏడు స్వరాలూ అక్కడా తెల్ల కీలే, ఆ తర్వాత జారే చోట నల్ల కీలు ఏవో దాన్నే వెతుక్కోమన్నాను.