అమ్మకు చెప్పకపోతే పెద్దవాడైనట్టా?

న్యూజెర్సీలో నేను కౌన్సెలర్‌ని. నా దగ్గరకొచ్చేవాళ్లలో మనవాళ్లు, అందులోనూ ఐటీ కుర్రాళ్లు ఎక్కువ. వాళ్ల గురించి మాట్లాడుకున్నప్పుడల్లా మా సూపర్‌వైజర్‌కీ నాకూ పేచీ. ముప్పై దాటినవాడు కారు కొనడానికి అమ్మనడిగాడంటే, ఆవిడ లెక్కలో వాడింకా ఇంటి నుంచి విడివడనట్టే.

విడివడటం గురించి మనోవిశ్లేషకురాలు మార్గరెట్ మాలర్ చెప్పింది పసిపిల్లల సంగతి. నడక వచ్చిన సంబరంలో తల్లిని వదిలి దూరం పోతారు, ఏడాదిన్నర వయసుకి బెంగపుట్టి మళ్లీ ఆమె చుట్టూ తిరుగుతారు. టీనేజ్‌లో రెండోసారి విడివడతారన్నాడు మరో మనోవిశ్లేషకుడు పీటర్ బ్లాస్. వలస వెళ్లడం మూడోది అని 1995లో అదే రంగానికి చెందిన సల్మాన్ అఖ్తర్ రాశారు. విమానం ఎక్కగానే అయిపోయే పని కాదది.

నాకు రోజూ పనికొచ్చేది మాత్రం అమెరికన్ సైకియాట్రిస్ట్ హ్యారీ స్టాక్ సలివన్. మనిషిని అతని సంబంధాల నుంచి వేరుచేసి అర్థం చేసుకోలేమంటాడు. తల్లి ఆందోళన మాటల్లేకుండానే బిడ్డకు అంటుకుంటుందనీ అంటాడు. 1949లోనే పోయాడు కానీ, మన వాట్సాప్ కాల్స్ చూసుంటే ఇంకో పుస్తకానికి సరిపడా సరుకు దొరికేది.

ఒక అబ్బాయికి ఉద్యోగం పోయింది. హెచ్‌1బి వీసా. కొత్త కంపెనీ చూసుకోవడానికి మహా అయితే 60 రోజులు. ఇంట్లో చెప్పలేదు. రోజూ ఆఫీసు చొక్కా తొడుక్కుని వీడియో కాల్ చేసేవాడు. "గొంతు అలా ఉందేంట్రా, తిన్నావా?" "తిన్నానమ్మా, మీటింగుంది, ఉంటా." ఫోన్ పెట్టేయగానే కడుపులో తిప్పి బాత్రూంలోకి పరుగు.

తన విషయాలు తన దగ్గరే ఉంచుకుంటున్నాడు, మంచి మార్పే అంది సూపర్‌వైజర్. నాకలా అనిపించలేదు. వాడు దాస్తున్నది ఉద్యోగం సంగతి కాదు. అమ్మ భయపడితే ఆ భయం తనకెక్కుతుందని వణుకు. ఇదేం స్వతంత్రం?

కొన్ని వారాలకి అమ్మకు చెప్పేశాడు. అనుకున్నట్టే ఆవిడ ఏడ్చింది, వెంకన్నకు మొక్కుకుంది, వచ్చేయమంది. "కాసేపు ఏడువమ్మా, పర్లేదు. రేపు ఇంటర్వ్యూ ఉంది, చదువుకోవాలి. ఫోన్ నాన్నకివ్వు" అన్నాడట. ఆ రాత్రి అన్నం తిని పడుకున్నాడు కూడా.

ఇప్పటికీ రోజూ ఫోన్ చేస్తాడు, ప్రతిదీ అడుగుతాడు. మరి మారిందేంటని సూపర్‌వైజర్ అడిగింది. వాళ్లమ్మ కంగారుపడినా ఇప్పుడు వీడికి వాంతులు రావట్లేదన్నాను.