గ్వాంగ్‌జౌ వారాంతం: పాండాలు బాగున్నాయి, హోటలే ఏడిపించింది

నిన్న రాత్రే హాంకాంగ్‌లో ఇంటికి చేరాం. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే వెంటనే రాస్తున్నాను. పిల్లలతో చైనాలోని గ్వాంగ్‌జౌ వెళ్లాలనుకునే మనవాళ్లకి పనికొస్తుంది.

రైలు గురించి చెప్పడానికేమీ లేదు. వెస్ట్ కౌలూన్ స్టేషన్‌లోనే రెండు వైపుల ఇమిగ్రేషన్ అయిపోతుంది, గంట అటూ ఇటూగా గ్వాంగ్‌జౌ సౌత్‌లో దిగుతాం. వీసా బాధ కూడా లేదు. హాంకాంగ్ శాశ్వత నివాసులైన విదేశీయులకు 2024 జులై నుంచి చైనా ఒక కార్డు ఇస్తోంది. ఐదేళ్లు చెల్లుతుంది, వెళ్లిన ప్రతిసారీ 90 రోజుల వరకు ఉండొచ్చు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నా ఇస్తారు. మా నలుగురికీ ఉంది.

చిక్కంతా ఆ కార్డుతోనే వచ్చింది. శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరాం కాబట్టి హోటల్‌కి వెళ్లేసరికి రాత్రి పదకొండు దాటింది. చిన్నాడు నా భుజం మీద నిద్రపోతున్నాడు. కౌంటర్‌లో అమ్మాయి మా కార్డులు అటూ ఇటూ తిప్పి చూసి, మెషీన్ మీద పెట్టింది. అది తీసుకోలేదు. పాస్‌పోర్ట్‌లు అడిగితే ఇచ్చాను. వీసా కోసం ఒక్కో పేజీ తిరగేసింది. కార్డు ఉన్నవాళ్లకి వీసా ఎందుకుంటుంది? చివరికి ఫోన్‌లో ఏదో టైప్ చేసి అనువాదం నా ముందు పెట్టింది. విదేశీయులకు గది ఇవ్వరట. డబ్బు ముందే కట్టాం, బుకింగ్ కన్ఫర్మ్ అయింది. అది చూపిస్తే తల అడ్డంగా ఊపింది. మా వెనకాల కుర్రాడొకడు ఐడీ కార్డు పెట్టి, గది కార్డు తీసుకుని, మమ్మల్ని ఎగాదిగా చూస్తూ లిఫ్ట్ ఎక్కాడు. పిల్లల ముందు అలా నిలబడాల్సి వచ్చినందుకు కడుపు మండిపోయింది.

మా ఆవిడకి హాంకాంగ్‌లో మాట్లాడే కాంటనీస్ బాగా వచ్చు, కూరగాయల మార్కెట్‌లో బేరాలాడి నేర్చుకుంది. కానీ ఆ అమ్మాయికి చైనా అధికార భాష మాండరిన్ తప్ప రాదు. అప్పుడు మా పెద్దమ్మాయి ముందుకొచ్చింది. చదివేది నాలుగో తరగతి. "మేం డబ్బు కట్టేశాం అక్కా, తమ్ముడికి నిద్రొస్తోంది, మీ మేనేజర్‌ని పిలవండి" అని స్కూల్లో నేర్చుకున్న మాండరిన్‌లో తడుముకోకుండా అడిగింది. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.

మేనేజర్ వచ్చేలోపు నేను 12367కి ఫోన్ చేశాను. అది చైనా ఇమిగ్రేషన్ హెల్ప్‌లైన్, రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఇంగ్లిష్‌లో మాట్లాడతారు. అర్హత లేదన్న సాకుతో ఏ హోటలూ విదేశీయులను తిప్పి పంపకూడదని 2024లోనే అక్కడి ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. వాళ్లు చేయాల్సిందల్లా మన వివరాలు పోలీసు రిజిస్ట్రేషన్‌లో ఎక్కించడం. అది చేతకానప్పుడు లేదు పొమ్మనడమే సులువు వీళ్లకి. మన దేశంలోనూ విదేశీ అతిథుల వివరాలు అధికారులకు పంపే ఫారం-సి నింపే తలనొప్పి ఎందుకని విదేశీయుల్ని వద్దనే లాడ్జీలున్నాయి. ఎక్కడైనా సరే, అర్ధరాత్రి పిల్లలతో వచ్చినవాళ్లని బయటికి పొమ్మనడం పాపం.

హెల్ప్‌లైన్ ఆవిడ మేనేజర్‌తో ఫోన్‌లోనే మాట్లాడింది. ఆయన మాతో ఒక్క మాట అనకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మా ఇంటిపేరులో ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చూసుకుంటూ, ఒక్క వేలితోనే టైప్ చేశాడు. నలుగురివీ అయ్యేసరికి పన్నెండున్నర దాటింది. సారీ అని ఎవరూ అనలేదు.

మర్నాడు మెట్రోలో చిమెలాంగ్ సఫారీ పార్కుకి వెళ్లాం. 2014లో ఒకే కాన్పులో పుట్టిన మూడు పాండాలు అక్కడివే. పిల్లలు వాటి దగ్గర నుంచి కదల్లేదు. 600 మీటర్ల కాంటన్ టవర్‌ని రాత్రి నది ఒడ్డు నుంచే చూశాం, పైకి ఎక్కలేదు. స్టేషన్లలో, రైళ్లలో వేడినీళ్లు ఫ్రీగా దొరుకుతాయి కాబట్టి చిన్నాడి పాలపొడికి ఇబ్బంది రాలేదు. హాంకాంగ్ సిమ్ రోమింగ్‌లో ఉంటే వాట్సాప్ పనిచేస్తుంది.

మీరు మాత్రం కార్డుతో పాటు పాస్‌పోర్ట్‌లు కూడా పట్టుకెళ్లండి. బుక్ చేసేముందు కార్డు ఫోటో హోటల్‌కి పంపి, తీసుకుంటామని రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఫోన్‌లో మాట నమ్మకండి. వీలైతే చీకటి పడకముందే చేరండి.

బుకింగ్ యాప్ వాళ్లకి ఫిర్యాదు చేస్తే కూపన్ పంపారు. వద్దని తిరిగి రాశాను. ఆ హోటల్ పేజీలో విదేశీయులకు గది ఇస్తారో లేదో స్పష్టంగా రాసేదాకా మెయిల్స్ పెడుతూనే ఉంటాను.