డెట్రాయిట్ గొంతు, ఇటాలియన్ మాట

డెట్రాయిట్‌లోని మోటౌన్ రికార్డు కంపెనీ గాయకుడు స్టీవీ వండర్ ఇటాలియన్‌లో పాడాడంటే చాలామంది నమ్మరు. పాడాడు, అదీ ఒకటి రెండు పాటలు కాదు. అలా విదేశీ భాషల్లో వచ్చిన మోటౌన్ పాత రికార్డులు వెతికి కొనేవాళ్ల కోసమే ఈ రాత. 'ఎ ప్లేస్ ఇన్ ద సన్' ఇటలీలో 'ఇల్ సోలే ఎ ది తుత్తి' అయింది. 'యెస్టర్-మీ, యెస్టర్-యూ, యెస్టర్‌డే' అక్కడ 'సోలో తే, సోలో మే, సోలో నోయ్'. అదే కంపెనీ బృందం ఫోర్ టాప్స్ 'రీచ్ అవుట్' పాటని 'జిరా జిరా' అని పాడారు. సుప్రీమ్స్ 'యూ కాంట్ హర్రీ లవ్' పాటని 'లామోరె వెర్రా' అని, 'యూ కీప్ మీ హాంగిన్ ఆన్' పాటని 'సె ఇల్ ఫీలో స్పెజ్జెరాయ్' అని పాడారు. వీటికి ముందే 1964-65 ప్రాంతంలో జర్మనీలోని సీబీఎస్ రికార్డు కంపెనీ కోసం సుప్రీమ్స్, మార్విన్ గే జర్మన్‌లోనూ పాడారు. 'వేర్ డిడ్ అవర్ లవ్ గో'కి జర్మన్ రూపం 'బేబీ, బేబీ, వో ఇస్ట్ ఉన్సెరె లీబె'. మార్విన్ గే 'హౌ స్వీట్ ఇట్ ఈజ్' అక్కడ 'వీ షోన్ దాస్ ఇస్ట్'. ఇవన్నీ ఏ దేశం భాషలో పాడారో ఆ దేశపు మార్కెట్ కోసం కొట్టించిన 45 ఆర్.పి.ఎం. సింగిల్స్, అంటే నిమిషానికి 45 సార్లు తిరిగే చిన్న రికార్డులు.

ఎందుకు పాడించారన్నది అర్థమైతే వెతుకులాట తేలికవుతుంది. అప్పట్లో ఇటలీలో పాట జనంలోకి వెళ్లాలంటే ఇటాలియన్‌లో ఉండాల్సిందే. అరవైల్లో చాలా ఏళ్లపాటు సాన్‌రెమో పాటల పోటీలో ఒక్కో పాటను ఇద్దరు వేర్వేరు కళాకారులు పాడేవారు, ఆ ఇద్దరిలో ఒకరు తరచూ విదేశీయులు. 1968లో అమెరికా గాయకుడు విల్సన్ పికెట్ 'డెబొరా' పాడాడు. 1969లో 'ఉనవ్వెంతూరా' పాటని ఇటలీ గాయకుడు లూచియో బట్టిస్టి ఒకసారి, పికెట్ ఒకసారి పాడారు. అదే ఏడాది స్టీవీ వండర్ 'సె తు రగాజ్జ మియా' పాడాడు, జోడీ గాబ్రియెల్లా ఫెర్రి. (మనకూ 1969 అంటే 'భలే తమ్ముడు' వచ్చిన ఏడాది. ఎన్టీఆర్‌కి రఫీ పాడిన తెలుగు పాటల్లో అక్కడక్కడ హిందీ యాస వినబడినా ఆ గొంతు మాధుర్యం ముందు ఎవరికి పట్టింది? ఫోర్ టాప్స్ ప్రధాన గాయకుడు లీవై స్టబ్స్ ఇటాలియన్ కూడా సరిగ్గా అలాంటిదే.)

ఇక కొనడం. కొత్తవాళ్లు మొదట బోల్తా పడేది ఒక్కచోటే. విదేశంలో కొట్టిన రికార్డు వేరు, విదేశీ భాషలో పాడిన రికార్డు వేరు. ఇది తెలియక స్పెయిన్ సింగిల్స్ కొనేస్తారు. స్పెయిన్‌లో కవరు మీదా లేబుల్ మీదా ఇంగ్లిష్ పాట పేరుకి స్పానిష్ అనువాదం వేయడం మామూలు ఆచారం. మెక్సికో, అర్జెంటీనాల్లోనైతే స్పానిష్ పేరే ముందు పెద్దక్షరాల్లో ఉంటుంది. ప్లేయర్ మీద పెడితే లోపల అదే ఇంగ్లిష్ పాట. ఆ కవర్లు అందంగా ఉంటాయి, కాదనను. కానీ 'స్పానిష్‌లో పాడిన అరుదైన మోటౌన్' అని ఎవరైనా రేటు చెబితే, పేరు చూసి కాదు, విని ఒప్పుకోవాలి.

వినడంలోనూ ఓ చిక్కుంది. మోటౌన్ ఇటాలియన్ పాటలకు కొత్తగా వాయించలేదు. డెట్రాయిట్‌లో మల్టీట్రాక్ టేపు మీద అప్పటికే ఉన్న వాద్యాల మీద గొంతు మాత్రం మళ్లీ పాడించారు. అందుకే 'జిరా జిరా' మొదట్లో వచ్చే ఫ్లూట్, ఆ గుర్రపు డెక్కల్లాంటి టకటక, అచ్చంగా 'రీచ్ అవుట్' మొదలే. అమ్మేవాళ్లు పంపే పది సెకన్ల శాంపిల్ అక్కడితో ఆగిపోతే మీకు తెలిసేది సున్నా. "పాట ఎత్తుకున్న దగ్గర్నుంచి ఇరవై సెకన్లు, పాట చివర్లో ఇంకో ఇరవై సెకన్లు పంపండి" అని అడగండి. మొదటి ముక్క భాష తేలుస్తుంది. రెండోది రికార్డు అరుగుదల తేలుస్తుంది, ఎందుకంటే లోపలి గాడుల దగ్గరే ముందు 'స', 'ష' శబ్దాలు చీలి బుస్సుమంటాయి.

ఒకే పేరుతో వేరే కళాకారుల రికార్డులూ ఉంటాయి, వెతికేటప్పుడు అది గుర్తుంచుకోవాలి. 'జిరా జిరా' ఇటలీ గాయని రీతా పవోనె కూడా పాడింది. సాన్‌రెమో పాటలకైతే జంట రికార్డు ఎలాగూ ఉంటుంది. పాట పేరు ఒక్కటే కొట్టి వెతికితే బట్టిస్టి రికార్డులు కుప్పలుగా వస్తాయి, పికెట్ రికార్డు వాటి అడుగున ఉంటుంది. కళాకారుడి పేరు, పాట పేరు, దేశం మూడూ కలిపి వెతకాలి. రికార్డులు అమ్మే వెబ్‌సైట్ డిస్కాగ్స్‌లో దేశం ఫిల్టర్ ఇటలీ అని, ఫార్మాట్ ఏడంగుళాలు అని పెట్టుకోండి. విడుదల వివరాలకు 45క్యాట్, పాత వేలం ధరలకు పాప్‌సైక్ అన్న వెబ్‌సైట్లు చూడొచ్చు. ఇటలీ అమ్మకందారుల పేజీల్లో 'క్వరాంతాచింక్వె జిరి' (45 తిరుగుళ్లు), 'కాంతాతో ఇన్ ఇతాలియానో' (ఇటాలియన్‌లో పాడినది), 'కొపెర్తీనా' (కవరు) అన్న మాటలు పనికొస్తాయి. జర్మనీ పేజీల్లోనైతే 'డాయిచ్ గెజుంగెన్' అని వెతకండి.

లేబుల్ ఫొటో దగ్గరగా తీసి పంపమనండి. అంచు చుట్టూ ఉండే చిన్న అక్షరాలు, పాట హక్కుల రుసుము వసూలు చేసే సంస్థ పేరు ముందు చదవాలి. ఎస్.ఐ.ఎ.ఇ. అని ఉంటే ఇటలీ, జి.ఇ.ఎం.ఎ. అంటే జర్మనీ, ఎస్.ఎ.సి.ఇ.ఎం. అంటే ఫ్రాన్స్, జె.ఎ.ఎస్.ఆర్.ఎ.సి. అంటే జపాన్, ఎన్.సి.బి. అంటే నార్డిక్ దేశాలు. బి.ఐ.ఇ.ఎం. అన్నది ఒక దేశానిది కాదు, యూరప్‌లో చాలా దేశాల లేబుళ్ల మీద కనిపిస్తుంది. దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని దేశం తేల్చేయకండి.

లేబుల్‌కీ చివరి గాడికీ మధ్య నున్నగా ఉండే జాగా, అంటే రన్-అవుట్, లేబుల్ కన్నా నమ్మకస్తుడు. రికార్డును ఒకే దీపం కింద ఏటవాలుగా పట్టుకుని నెమ్మదిగా తిప్పితే గీసిన అంకెలో, గుద్దిన అంకెలో కనిపిస్తాయి. ఇటలీ రికార్డుల మీద చాలాసార్లు తేదీ కూడా ఉంటుంది, రోజు-నెల-సంవత్సరం వరసలో. అది లాకర్ (రికార్డు అచ్చుకి మూలమైన పళ్లెం) కోసిన తేదీ, అంగడికి వచ్చిన తేదీ కాదు. అయినా 1967 పాట రన్-అవుట్‌లో డెబ్బైల తేదీ ఉంటే మీ చేతిలో ఉన్నది మళ్లీ కొట్టిన రికార్డు అని తేలిపోతుంది. రన్-అవుట్ మొత్తం ఖాళీగా ఉందంటే అనుమానించాల్సిందే. ఫ్యాక్టరీలో కొట్టిన రికార్డుకి మ్యాట్రిక్స్ నంబరు (ఆ అచ్చుని గుర్తుపట్టే అంకెలు) లేకుండా ఉండటం చాలా అరుదు. ఇంకో గుర్తు, పాట మొదలయ్యే ముందు నిశ్శబ్దంగా ఉండాల్సిన చోట చిటపటలు రికార్డులోనే ఉండి, తుడిచినా కడిగినా అదే చోట అలాగే వస్తుంటే, ఇంకో రికార్డు నుంచి ఎక్కించిన నకలు అయ్యే అవకాశం ఎక్కువ.

కవరు విషయంలో భూతద్దం లేకుండా డబ్బు తీయకండి. ఈ సింగిల్స్ విలువలో పెద్ద వాటా బొమ్మ కవరుదే, అందుకే నకలు కవర్లు తిరుగుతుంటాయి. పది రెట్లు పెద్దది చేసే చిన్న భూతద్దం చాలు. అసలు ఆఫ్‌సెట్ ముద్రణలో రంగు చుక్కలు విడివిడిగా, పువ్వు ఆకారంలో స్పష్టంగా కనిపిస్తాయి. అచ్చైన కవరుని స్కాన్ చేసి మళ్లీ ముద్రిస్తే చుక్కల మీద చుక్కలు పడి అలల్లాంటి చారలు వస్తాయి. నల్ల అక్షరాల అంచులు అసలులో గట్టిగా ఉంటాయి, నకలులో ఆ అంచులే రంగుచుక్కలుగా విడిపోతాయి. లేజర్ ప్రింటు అయితే కాగితాన్ని వాలుగా పట్టినప్పుడు టోనర్ మెరుస్తుంది. యూవీ టార్చితో చూసి "మెరిసింది కాబట్టి కొత్త కాగితం" అని తేల్చేవాళ్లున్నారు. అది సగం నిజమే. కాగితంలో తెలుపు పెంచే రసాయనాలు అరవైల నాటికే వాడుకలో ఉన్నాయి. యూవీని సాక్షిగా పిలవండి, జడ్జిని చేయకండి.

జ్యూక్‌బాక్స్ కాపీల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇటలీ నుంచి వచ్చే సరుకులో అవి చాలా ఉంటాయి. వీటికి కవరు ఉండదు, లేదా తెల్ల కవరు ఉంటుంది. లేబుల్ మీద 'జ్యూక్ బాక్స్' అనో, అమ్మకం నిషిద్ధం అనో ఇటాలియన్‌లో రాసి ఉండొచ్చు. బరువైన ముల్లు వందలసార్లు నడిచిన రికార్డు పైకి పెద్ద గీతలు లేకుండానే ఉంటుంది, కానీ గాడులు నిగనిగలాడకుండా బూడిదరంగు తిరిగి ఉంటాయి. ఫొటోలో అది పట్టుకోవడం కష్టం. రెండో సమస్య చిల్లు. చిన్న చిల్లుతో వచ్చిన రికార్డుకి జ్యూక్‌బాక్స్ కోసం 38 మి.మీ. చిల్లు కొట్టేవాళ్లు. అంచు గరుకుగా ఉన్నా, లేబుల్ అక్షరాలు సగంలో తెగినా అది తర్వాత కొట్టిన చిల్లే. అది కాస్త పక్కకు పోయిందంటే పాట ఊగుతుంది. లెక్క వేసి చూడండి. చిల్లు 1 మి.మీ. పక్కకి జరిగితే, కేంద్రం నుంచి 6 సెం.మీ. దూరంలో ఉన్న గాడిలో శ్రుతి సుమారు 1.7 శాతం అటూ ఇటూ పోతుంది, అదీ ప్రతి 1.33 సెకన్లకోసారి. గొంతు సాగదీసే చోట చెవికి తెలిసిపోతుంది. పెద్ద చిల్లులో రికార్డును అడాప్టర్ చుట్టూ కొద్దిగా జరిపి పెట్టి సరిచేయొచ్చు. చిన్న చిల్లే పక్కకి పడి ఉంటే చేసేది తక్కువ.

గ్రేడింగ్ మాటలు, అంటే రికార్డు ఎంత బాగుందో చెప్పే మాటలు, దేశాన్ని బట్టి మారతాయి. అమెరికా పత్రిక గోల్డ్‌మైన్ పద్ధతిలో వీజీ ప్లస్ అంటే దాదాపు బ్రిటన్ వాళ్ల ఎక్సలెంట్. రెంటిలోనూ ఉత్త 'వీజీ', పేరుకి వెరీ గుడ్ అయినా, గట్టిగా చిటపటలాడే రికార్డే. మనవాళ్లు ఆ పేరు చూసి మోసపోతుంటారు. చూసి ఇచ్చిన గ్రేడా, వాయించి ఇచ్చిన గ్రేడా అని తప్పక అడగండి.

ధర గురించి నా అభిప్రాయం ఇది. 'అరుదు' అన్న మాటకి భయపడొద్దు. స్టీవీ వండర్ 'ఇల్ సోలే ఎ ది తుత్తి' ఇటలీలో బాగా అమ్ముడుపోయిన రికార్డు. మనకి వింత గానీ అక్కడి ఇళ్లలో బోలెడున్నాయి, అలాంటి వాటికి తొందరపడి ఎక్కువ పెట్టక్కర్లేదు. అమ్ముడుపోని రికార్డే తర్వాత అరుదవుతుంది. మోటౌన్‌లో దీనికి పరాకాష్ఠ 1965 నాటి ఫ్రాంక్ విల్సన్ సింగిల్. బయటికి రాకముందే ఆపేశారు, మిగిలిన కొద్ది కాపీల్లో ఒకటి 2009లో 25,742 పౌండ్లకి పోయింది. విదేశీ భాషా సింగిల్స్ ఆ దరిదాపుల్లో లేవు. వాటికి నేనైతే రికార్డు ఒక మెట్టు తక్కువైనా కవరు బాగున్నదే తీసుకోమంటాను. పాట వినడమే ముఖ్యమైతే 2010లో వచ్చిన 'మోటౌన్ ఎరౌండ్ ద వరల్డ్' సీడీ సంకలనం ఉండనే ఉంది.

తెప్పించుకునేటప్పుడు రికార్డును కవరులోంచి బయటికి తీసి, వేరే లోపలి సంచిలో పెట్టి, కవరు వెనకాల ఉంచి పంపమనండి. లోపలే ఉంచితే దారిలో ఒక్క కుదుపుకి అంచు కవరు అతుకుని చీల్చుకుని బయటికొస్తుంది. అటూ ఇటూ గట్టి అట్టలు ఉండాలి, ఒక అట్ట గాడులు నిలువుగా, ఇంకోదానివి అడ్డంగా. ఇండియాకి వస్తుంటే పార్సిల్ మీద నిజమైన ధరతో ఇన్వాయిస్ ఉండాలి. దిగుమతి సుంకం, జీఎస్‌టీ, పైన కొరియర్ కంపెనీ వసూలు చేసే క్లియరెన్స్ ఛార్జీ మూడూ కలుపుకుని బేరం లెక్క వేసుకోండి. చవక రికార్డు ఒక్కటే తెప్పిస్తే ఈ ఖర్చులు రికార్డుని మించిపోతాయి. ఒకే అమ్మకందారు దగ్గర నాలుగైదు కలిపి తీసుకోవడం మేలు.

వచ్చాక ముందు కడగండి. 800 మి.లీ. డిస్టిల్డ్ వాటర్, 200 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, రెండు చుక్కలు వాసనలేని లిక్విడ్ సోపు. మెత్తటి బ్రష్‌తో గాడి వెంటే గుండ్రంగా తుడిచి, తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ కడిగి ఆరబెట్టాలి. లేబుల్ తడవకూడదు. ఈ ద్రావణం వినైల్‌కి మాత్రమే. అమెరికా 45ల్లో కొన్ని స్టైరీన్ అనే వేరే ప్లాస్టిక్‌వి, తేలిగ్గా ఉండి గోరుతో తడితే టక్కుమంటాయి. వాటికి ఆల్కహాల్ తగలనివ్వకండి. ఇంట్లో తాతల నాటి, నిమిషానికి 78 సార్లు తిరిగే రికార్డులకి అసలే వద్దు, అవి లక్క, ఆల్కహాల్‌లో కరుగుతుంది.

వాయించడానికి 18 లేదా 25 మైక్రాన్ల గుండ్రటి మొన ముల్లు, కార్ట్రిడ్జ్ తయారీదారు చెప్పిన బరువు. మోనో రికార్డు అయితే ఆంప్లిఫయర్‌లో మోనో బటన్ నొక్కండి. ముల్లు పైకీ కిందకీ ఊగడం వల్ల వచ్చే గరగర చాలావరకు రద్దయిపోతుంది. దాచేటప్పుడు నిలువుగా, పీవీసీ సంచుల్లో కాకుండా. పీవీసీ సంచి ఏళ్ల తరబడి అంటుకుని ఉంటే రికార్డు మీద పొగమంచులా మచ్చ పడుతుంది, అది కడిగినా పోదు. విశాఖ, కాకినాడ వైపు తేమకి కవర్లకు బూజు పడుతుంది, పెట్టెలో సిలికా జెల్ వేసి రెండు మూడు నెలలకోసారి మార్చండి. మే నెలలో కొరియర్ ఆఫీసు నుంచి తెచ్చుకున్న పార్సిల్‌ని కారులో వదిలి హోటల్‌లోకి భోజనానికి వెళ్లకండి.