కొత్త హ్యాండిల్, లేని బెజ్జం

"అన్నా, ఇంజన్ ఆన్ చేసి హ్యాండిల్ పూరా ఎడమకు తిప్పు. రేసు పెరుగుతుందా?"

ఫోన్‌ల నాకు బండి పని చెప్తున్న మిర్యాలగూడ తమ్ముడు. ఇప్పటిదాక ఇద్దరం ఎదురెదురు కలిసింది లేదు.

పెరిగింది. ఊకె ఉన్న బండి ఒక్కసారే గుర్రుమన్నది. "యాక్సిలరేటర్ వైరు గుంజుకుంటుంది. మళ్ల విప్పి సక్కగ సదురు, గట్లనే నడిపితే మూలమలుపు కాడ నిన్ను పడగొడ్తది" అన్నడు.

పోయిన వారం హాలియా కాడ బర్రె అడ్డమొచ్చి పాత హ్యాండిల్ వంగింది, అందుకే కొత్తది ఏసిన. బర్రెకు ఏం కాలే, తిరిగి కూడ చూడలే.

కొత్తది కూడ పాతదాని లెక్కనే 22 మి.మీ. మందం, హ్యాండిల్‌ను పట్టుకునే క్లాంపుల మంచిగనే కూసుంది. కూసోనిది స్విచ్చుల డబ్బా. దాని లోపల చిన్న మొలక లాంటిది ఉంటది, అది హ్యాండిల్‌కున్న బెజ్జంల పడాలె. కొత్తదానికి బెజ్జమే లేదు!

మొలక కోసిపారెయ్యి అన్నడొకాయన. ఇంకో పాలమూరు పెద్దాయన మాత్రం ఫోన్‌లనే వద్దన్నడు. "కోస్తే డబ్బా గుండ్రంగ తిరుగుతది బిడ్డా. ముందు డబ్బా పెట్టి చూసుకో, బెజ్జం పడాల్సిన కాడ గుర్తు గియ్యి, తర్వాత డ్రిల్ కొట్టు." రెండు సార్లు గుర్తు పెట్టిచ్చిండు, ఫోటో తీసి పంపిందాక కొట్టనియ్యలే.

గ్రిప్పులు ఎక్కిచ్చుడు ఇంకో కథ. సబ్బు నీళ్లు లేకపోతే తెల్లారేది.

పొద్దూకి గడియారం సెంటర్ దాక పోయొచ్చిన. హ్యాండిల్ సక్కగనే ఉన్నది. నా కుడి చెయ్యే ఇంకా పాత వంకరను ఎతుకుతుంది.