పవర్ మీటర్‌కు అందని వెలుగు: తిరుపతిలో క్వాంటం కీ పంపిన అనుభవం

రహస్య సందేశాలకు తాళంచెవిలా వాడే అంకెల వరసను (కీ) ఒక్కో ఫోటాన్, అంటే వెలుగు రేణువు మీద పంపే బీబీ84 పద్ధతి 1984లో వచ్చింది. పల్స్‌కు ఒక్క ఫోటానే ఉంటుందన్న లెక్క దానిది. తిరుపతిలో మేం బల్ల మీద పెట్టుకున్నదేమో 1550 నానోమీటర్ల మామూలు లేజర్. సగటున పల్స్‌కు 0.5 ఫోటాన్‌కి దించినా, దాదాపు 9 శాతం పల్సుల్లో రెండో, అంతకన్నా ఎక్కువో ఉంటాయి. దారిలో కీ కాజేసే దొంగ ఒకటి దాచుకుని మిగతాది వదిలేస్తే మనకు తెలియదు. అందుకే 0.5 పల్సుల మధ్య 0.1వీ, ఖాళీవీ ఒక వరస లేకుండా కలిపాం. ఏది ఏదో దొంగకు తెలియదు, అవతల చేరిన లెక్కల్లో దొరికిపోతాడు.

అసలు తలనొప్పి ఆ 0.5 పెట్టడమే. సెకనుకు 10 కోట్ల పల్సులంటే సగటు పవర్ 6.4 పికోవాట్లు, అంటే మైనస్ 82 డీబీఎం (మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే కొలత; 10 డీబీ దిగితే పవర్ పదో వంతు, 3 దిగితే సగం). మా మీటర్‌కు అది చీకటే. లేజర్‌ను మైనస్ 20 దగ్గర కొలిచి, ఇంకా 62 డీబీ దించాలి. వెలుగును తగ్గించే ఒక్కో అటెన్యుయేటర్‌నూ మీటర్ చదవగలిగే వెలుగులో విడిగా కొలిచి కూడుకున్నాం. డబ్బా మీది అంకెను నమ్మొద్దు. 3 డీబీ తక్కువ పడితే 0.5 కాస్తా 1 అవుతుంది, ఎక్కువ ఫోటాన్ల పల్సులు 26 శాతానికి ఎగబాకుతాయి.

ఫైబర్ కనెక్టర్ల దగ్గర ఒక మాట. ఆకుపచ్చదాని ముఖం 8 డిగ్రీల వాలు, నీలంది తిన్నగా ఉంటుంది. రెండూ కలిపి బిగిస్తే మధ్య గాలి సందు మిగిలి కొన్ని డీబీలు పోతాయి. 25 కిలోమీటర్ల ఫైబర్ మొత్తం తినేదే 5!

ఇక ఎండ. స్తంభాల మీద వేలాడే ఫైబర్ వేడికి సాగినా, గాలికి ఊగినా కీ అంకెలను మోసే పోలరైజేషన్ (వెలుగు తరంగం ఊగే దిశ) తిరిగిపోతుంది. పొద్దున 2 శాతమున్న తప్పులు మధ్యాహ్నానికి 11 దాటాయంటే కీ ఏమీ మిగలదు. మధ్యమధ్య తెలిసిన పల్సులు పంపి, కంట్రోలర్‌తో సరిచేసుకుంటూ పోవాలి. కరెంటు పోయి ఏసీ ఆగితే ఫోటాన్లను పట్టే డిటెక్టర్ కూలర్ మైనస్ 40 డిగ్రీలు నిలపలేదు, డార్క్ కౌంట్లు, అంటే వెలుగు లేకుండానే వచ్చే క్లిక్‌లు పెరుగుతాయి. ఒక్కో క్లిక్ తర్వాత 10 మైక్రోసెకన్లు డిటెక్టర్‌ను మూసి ఉంచాం, లేకపోతే పాత క్లిక్‌ల ప్రతిధ్వనులే లెక్కలోకొస్తాయి. దాంతో సెకనుకు లక్ష క్లిక్‌లే గరిష్ఠం.

దొంగలు గట్టి వెలుగు కొట్టి డిటెక్టర్‌ను గుడ్డిదాన్ని చేసి, తమకు నచ్చినట్టు ఆడించవచ్చని 2010లోనే చూపించారు. అందుకే డిటెక్టర్‌లో పారే బయాస్ కరెంటు మీద ఎప్పుడూ కన్నుంచాం, పెరిగితే అప్పటి కీ ముక్క (బ్లాక్) మొత్తం పారేశాం.