నీళ్లు తాగిన ఇంజిన్: మూడో సిలిండర్ సంగతి

కనకాయలంక కాజ్‌వే (వరదొస్తే నీళ్లు పైనుంచి పారే లోతట్టు దారి) మీద నీళ్లు టైరులో సగానికి మించి లేవు. ఆ లోతుకి కారు ఆగదు. ఆపింది కొబ్బరికాయల లోడుతో ఎదురొచ్చిన ట్రాక్టర్ తోసిన కెరటం. ఇంజిన్ గాలి పీల్చే గొట్టం మూతి నా బండికి గ్రిల్ వెనకే ఉంటుంది. కెరటం బానెట్ ఎక్కిందంటే ఆ మూతి మునిగినట్టే. దగ్గి దగ్గి ఆగితే ఏ వైరో తడిసిందనుకోవచ్చు. ఇది టక్కున, ఎవరో పట్టి ఆపినట్టు బిగుసుకుంది. అలా ఆగితే ముందు అనుమానించాల్సింది సిలిండర్లో నీళ్లనే.

ఎందుకంత భయమంటే, లెక్క చూడండి. 1248 సీసీ డీజిల్, నాలుగు సిలిండర్లు, ఒక్కోటి 312 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి 17 పైచిలుకు, అంటే లోపలి గాలిని పిస్టన్ పదిహేడో వంతుకి నొక్కేస్తుంది. పిస్టన్ పూర్తిగా పైకొచ్చాక మిగిలే చోటు 19 సీసీ, అంటే నాలుగు టీ చెంచాలు. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. ఐదో చెంచా ఉందా, పిస్టన్ని కింద తిరిగే క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ వంగడమే. పెట్రోల్ ఇంజిన్లలో నిష్పత్తి 10, 11 దగ్గరే ఉంటుంది కాబట్టి వాటికి కాస్త వెసులుబాటు.

కీ తిప్పలేదు. బ్యాటరీ నెగటివ్ ఊడదీసి, న్యూట్రల్లో పెట్టి ఒడ్డుకి తోయించాను. "సెకండ్ గేర్లో వదలండి, స్టార్టయిపోద్దండి" అని సాయం పట్టినవాళ్లు ఒకటే గోల. ఆ మాట వినకూడదు. బండి బరువంతా రాడ్ మీద పడుతుంది, సెల్ఫ్ కొట్టినదానికంటే చేటు. నీటి గీత కనబడేలా బంపర్‌కీ, తడిసిన ఎయిర్ ఫిల్టర్‌కీ ఫొటోలు తీసి, ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పాకే బండి ఎత్తించాను. ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ లేని మామూలు పాలసీలో ఈ ఖర్చు రావడం కష్టం. నీళ్లు వెళ్లాక స్టార్ట్ చేశారని సర్వేయర్‌కి తేలితే ఉన్న దారీ మూసుకుపోవచ్చు.

షెడ్డులో మొదట ఆయిల్ స్టిక్ చూశాం. పాల టీ రంగు, మట్టం గీత దాటి ఉంది, అంటే నూనెలో నీళ్లు కలిశాయి. రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున్నే ఛాంబర్ (ఇంజిన్ అడుగున నూనె ఉండే తొట్టె) బోల్టు మెల్లగా వదులు చేస్తే ముందు నీళ్లు వచ్చాయి, నూనె తర్వాత. తర్వాత గ్లో ప్లగ్‌లు, చల్లటి డీజిల్ ఇంజిన్ని వేడెక్కించేవి, సిలిండర్‌కి ఒకటి. ఇవి హెడ్‌లో, అంటే సిలిండర్ల పై మూతలో, పట్టేస్తాయి, బలవంతంగా తిప్పితే విరిగి లోపలే ఉండిపోతాయి. తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఓ గంట ఆగాం. నాలుగూ తీశాక క్రాంక్ పుల్లీకి స్పానర్ వేసి చేత్తోనే, తిరిగే దిక్కులోనే రెండు పూర్తి చుట్లు. రెండో చుట్టులో మూడో రంధ్రంలోంచి ఎర్రనీరు చిమ్మి బానెట్ లోపలివైపు కొట్టింది.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. టర్బో బండికి ముందు, ఇంజిన్లోకి వెళ్లే గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ ఉంటుంది, అడుగున నీళ్లు నిలుస్తాయి. దాన్ని వంపకుండా స్టార్ట్ చేస్తే ఆ నీళ్లే మళ్లీ లోపలికి. కింది హోస్ ఊడదీస్తే అర లీటరు దాకా వచ్చింది.

కొత్త నూనె, ఫిల్టర్ వేసి కొడితే స్టార్టయింది, శబ్దం కూడా పెద్దగా లేదు. "అయిపోయిందండి, తీసుకెళ్లిపోవచ్చు" అన్నారు షెడ్డువాళ్లు. నేను కంప్రెషన్ కొలిచే గేజి పెట్టమన్నాను. ఇంజెక్టర్ కనెక్టర్లు తీసేసి, గ్లో ప్లగ్ రంధ్రాల్లోంచి కొలిస్తే 400, 405, 320, 395 పీఎస్ఐ. ఒక్కటే అంత తగ్గితే పిస్టన్ రింగులు కావచ్చు, వాల్వు కావచ్చు, రాడ్డూ కావచ్చు. తేల్చడానికి మూడో పిస్టన్ని పైకి తెచ్చి కంప్రెసర్ గాలి ఎక్కించాం. ఆయిల్ మూత దగ్గర బుస వినిపిస్తే రింగులు, సైలెన్సర్లో అయితే ఎగ్జాస్ట్ వాల్వు, రేడియేటర్లో బుడగలొస్తే హెడ్ గాస్కెట్ (హెడ్‌కీ బ్లాకుకీ మధ్య పొర). ఎక్కడా కారలేదు. గాలి నిలుస్తూ కంప్రెషన్ తక్కువుందంటే పిస్టన్ పైదాకా రావడం లేదన్నమాట.

హెడ్ దించి డయల్ గేజితో చూస్తే మిగతా మూడు పిస్టన్లూ ఒకే ఎత్తు, మూడోది 1 మి.మీ. కింద. మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. వంగిన రాడ్ తిరిగినంతసేపూ పిస్టన్ని పక్కకి నొక్కుతూనే ఉంటుంది. ఓ రోజు హైవే స్పీడులో విరిగి బ్లాకుకి కన్నం పెట్టి బయటికొస్తుంది. అలా కొన్నాళ్లు నడిచిన బండిలో సిలిండర్ పై అంచున మసి పట్టీ మిగతావాటికంటే వెడల్పుగా కనబడుతుంది. వరదలో మునిగిన పాత బండి కొనేవాళ్లు చూసుకోవాల్సిన గుర్తు అది.

రాడ్ని సరిచేసి వేయొద్దు, మార్చాల్సిందే. రాడ్ బోల్టులు, బేరింగ్ షెల్స్ కొత్తవి. రాడ్డూ, దాన్ని క్రాంక్‌కి బిగించే క్యాపూ జతగానే రావాలి, పాత క్యాప్ కుదరదు. డీజిల్ హెడ్ గాస్కెట్లు మందం బట్టి రకాలుగా వస్తాయి, అంచున గాట్లు లెక్కపెట్టి పాత మందమే తెప్పించాం.

హెడ్ దించినప్పుడు ఇంకోటి బయటపడింది: నీటి దారుల్లో తుప్పు, తెల్ల పొక్కులు. అల్లవరం, అంతర్వేది వైపు బోరు నీళ్లు ఉప్పన. రేడియేటర్లో అవి పోస్తే అల్యూమినియం హెడ్‌ని తినేస్తాయి, గాస్కెట్ పోతుంది, ఇంజిన్ కాగిపోతుంది. కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం పోసి బిగించాం. మళ్లీ గేజి పెడితే మూడోది 400. 500 కిలోమీటర్లకి నూనె ఇంకోసారి మార్చాం, రంగు మామూలుగానే ఉంది.